మేడంకి అబద్ధం చెప్పకుండా కౌన్సెలింగ్ చేయించుకోవడం ఎలా

రొయ్యల గుంటల మీద ఏళ్ళ తరబడి పడుకున్నవాడికి ఏరియేటర్ల (నీళ్ళల్లోకి గాలి కలిపే యంత్రాల) మోతే జోలపాట. అది వినపడుతున్నంతసేపూ నిద్ర పడుతుంది. ఆగిందంటే మాత్రం ఎంత మొద్దు నిద్రలో ఉన్నా దిగ్గున లేచి కూర్చుంటాం, ఎందుకంటే తెల్లవారుజామున నీళ్ళల్లో ఆక్సిజన్ పడిపోయిందంటే కాసేపట్లోనే రొయ్య పైకి తేలిపోతుంది. మా గుంటలు రొయ్యకొచ్చే వైరస్ జబ్బు వైట్ స్పాట్‌తో వరసగా రెండు పంటలు పోయి, లీజు వదిలేసి, కావలి టౌనుకి వచ్చి ఇంట్లో పడుకోవడం మొదలుపెట్టాక నాకు రోజూ రాత్రి రెండింటికి మెలకువ వచ్చేసేది. మోత వినపడటం లేదు కదా మరి! గుంటలు లేవు, రొయ్య లేదు, ఏరియేటర్లు అమ్మేశాం, ఒళ్ళు మాత్రం ఇంకా గట్టు మీదే కాపలా కాస్తా ఉంది.

ఏడాదిన్నర ఇట్లా లాగాక నెల్లూరులో ఒక థెరపిస్ట్ దగ్గరికి వెళ్ళాను, దాదాపు పది నెలలు. నేను మేడం అనేది ఆవిడనే. ఆవిడ పనిచేసే పద్ధతిని ఇంటిగ్రేటివ్ సైకోథెరపీ అంటారు. అంటే ఒకే పద్ధతి పట్టుకుని వచ్చినవాళ్ళందరినీ అందులో ఇరికించకుండా, మనిషిని బట్టి, సమస్యని బట్టి నాలుగైదు పద్ధతుల్లోంచి కావలసింది తీసుకుని కలపడం. తెలిసినవాళ్ళు ఇప్పుడు నన్ను అడుగుతున్నారు, "అక్కడేం చేస్తారబ్బా, ఊరికే మాట్లాడటమేనా, దానికి డబ్బులా" అని. నేను డాక్టర్ని కాను, టేబుల్‌కి ఇవతల కూర్చున్నవాణ్ణి. ఇవతల కూర్చున్నవాళ్ళు ఏం చెయ్యాలో మాత్రం చెప్పగలను, నేను చేసిన తెలివితక్కువ పనితో సహా.

ముందు ఒంటి సంగతి చూసుకోండి

మనసు బాగాలేదని నేరుగా థెరపిస్ట్ దగ్గరికి పరిగెత్తే ముందు ఒకసారి మామూలు ఫిజీషియన్‌కి చూపించుకోండి. థైరాయిడ్ తేడా చేసినా, రక్తం తక్కువైనా, బి12 తగ్గినా నీరసం, గుండె దడ, దిగులు అన్నీ వస్తాయి. ఇంకోటి, రాత్రి మందు తాగితేనే నిద్ర పడుతోంది అనుకునేవాళ్ళు (నేనూ అనుకున్నాను) ఆ సంగతి డాక్టర్‌కి ఉన్నదున్నట్టు చెప్పండి. మందు నిద్రలోకి తోస్తుందిగానీ, తెల్లవారుజామున అదే లేపి కూర్చోబెడుతుంది.

ఎవరు ఎవరో తెలుసుకోండి

సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తరవాత సైకియాట్రీలో పీజీ చేసిన డాక్టర్, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు. మాటలతో, అభ్యాసాలతో చికిత్స చేస్తారు, సాధారణంగా క్లినికల్ సైకాలజీలో ఎంఫిల్ చేసి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్టర్ అయి ఉంటారు. ఆ రిజిస్ట్రేషన్ నంబరు అడగడానికి మొహమాటపడొద్దు. రొయ్య పిల్ల కొనేటప్పుడు హేచరీ వాణ్ణి టెస్ట్ రిపోర్ట్ అడగమా? ఇక కౌన్సెలర్ అనే బోర్డుకి ఇంత కంచె లేదు, వారం రోజుల కోర్సు చేసినవాళ్ళూ పెట్టేసుకుంటారు. బాగా చదువుకుని ఏళ్ళ తరబడి పనిచేస్తున్న కౌన్సెలర్లు ఉన్నారు, నేను కాదనను, కానీ అడిగి తెలుసుకోవలసిన పూచీ మనదే.

'ఇంటిగ్రేటివ్' అనేది డిగ్రీ కాదు, పనిచేసే తీరు. కాబట్టి ఎవరైనా అట్లా చెప్పుకుంటే ఒక్క ప్రశ్న వెయ్యండి: "ఏయే పద్ధతుల్లో ట్రైనింగ్ తీసుకున్నారు, నా విషయంలో వాటిల్లోంచి ఏది ఎందుకు వాడతారు?" సూటిగా జవాబు చెప్పగలిగినవాళ్ళు నిజంగా కలుపుతున్నారు. చెప్పలేనివాళ్ళు తోచిందల్లా చేస్తున్నారు, దానికి పేరు పెట్టుకున్నారు, అంతే. నేను మొదట వెళ్ళిన చోట ఒకాయన అరగంట మాట్లాడి, ఏడు సిట్టింగుల ప్యాకేజీ, గ్యారంటీ, ముందే కడితే తగ్గింపు అన్నాడు. కట్టాను కూడా. రెండో సిట్టింగులో పూర్వజన్మలోకి తీసుకెళతానన్నాడు, నాకేమో ఈ జన్మ అప్పులే తెగడం లేదు. గ్యారంటీ అన్న మాట వినపడగానే లేచి వచ్చెయ్యండి.

డబ్బు ఇబ్బంది అయితే నెల్లూరు పెద్దాసుపత్రిలో, ఒంగోలు రిమ్స్‌లో సైకియాట్రీ ఓపీకి వెళ్ళవచ్చు. ఫోన్‌లో అయితే మానసిక సమస్యలకి సాయం చేసే టెలీ మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టింది, ఉచితం, రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడతారు. ఊళ్ళో ఎవరైనా చూస్తారేమో అన్న భయం ఉన్నవాళ్ళకి మొదటి అడుగుగా ఇదే సులువు.

ఇక్కడ ఒక్క మాట సీరియస్‌గా. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే అపాయింట్‌మెంట్ తేదీ కోసం కూర్చోవద్దు, ఇంట్లో ఒక మనిషికి చెప్పండి, 14416కి చెయ్యండి, మరీ మించిపోతే 108 పిలవండి లేదా నేరుగా క్యాజువాలిటీకి వెళ్ళండి. మనవి వ్యవసాయం ఇళ్ళు, పురుగుల మందు డబ్బాలు షెడ్లో అందుబాటులో ఉంటాయి, వాటిని ఆ రోజే వేరేవాళ్ళ ఇంటికి పంపించెయ్యమనండి. మా ఆవిడ నన్ను అడక్కుండానే ఆ పని చేసింది, నాకు చాలా రోజుల తరవాతగానీ తెలియలేదు.

వెళ్ళే ముందు ఒక కాగితం రాసుకోండి

ఎప్పటినుంచి మొదలైంది, నిద్ర ఎట్లా ఉంది, తిండి ఎట్లా ఉంది, ఏ మందులు వాడుతున్నారు, ఇంతకుముందు ఎవరికి చూపించారు, ఇంట్లో ఇంకెవరికైనా ఇట్లాంటిది ఉందా. ఇవన్నీ ఒక పేజీలో రాసుకోండి, అక్కడికెళ్ళాక నోరు పెగలదు. కింద ఇంకొక్కటి రాయండి: మీకేం కావాలి?

ఇది తేలికనిపిస్తుందిగానీ నాకు రెండు రోజులు పట్టింది. "మనశ్శాంతి కావాలి" అని రాసుకుని వెళ్ళాను. మేడం చదివి, అది ఎట్లా ఉంటుందో చెప్పండి, వచ్చిందని మీకెట్లా తెలుస్తుంది అన్నారు. నేను నీళ్ళు నమిలాను. అప్పుడు నెల్లూరు రొట్టెల పండగ గుర్తుచేశారు, కోరిక ఉన్నవాళ్ళు అది తీరినవాళ్ళ చేతి రొట్టె తీసుకునే పండగ. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో నిలబడి మనం ఏమడుగుతాం? చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఆరోగ్య రొట్టె అని పేరు పెట్టి అడుగుతాం కదా, పేరు చెబితేనే కదా ఇచ్చేవాళ్ళు ముందుకొస్తారు. చివరికి నా కాగితం మీద మిగిలింది ఇది: రాత్రి వరసగా నాలుగు గంటలు నిద్ర, అప్పిచ్చినవాళ్ళ ఫోన్ వస్తే కట్ చెయ్యకుండా ఎత్తడం, మా అబ్బాయి స్కూల్ సంగతి చెబుతుంటే వినడం. మూడూ లెక్కపెట్టగలిగినవే. మీరూ అట్లాగే రాసుకోండి.

మొదటి రెండు మూడు సెషన్లు

ఒక్కో సెషన్ దాదాపు 50 నిమిషాలు ఉంటుంది. మొదటి రోజే గోప్యత గురించి వాళ్ళే చెప్పాలి, చెప్పకపోతే మీరు అడగండి. 2017 మెంటల్ హెల్త్‌కేర్ చట్టం 23వ సెక్షన్ ప్రకారం మీ చికిత్స సంగతులు గుట్టుగా ఉంచడం మీ హక్కు, ప్రాణాపాయం లాంటి కొన్ని సందర్భాలకు మాత్రం మినహాయింపు. ఫీజు ఎంత, రాలేకపోతే ఎన్ని గంటల ముందు చెప్పాలి, మధ్యలో ఫోన్ చెయ్యొచ్చా లేదా కూడా అప్పుడే తేల్చుకోండి, తరవాత అడగాలంటే ఇబ్బందిగా ఉంటుంది.

ఒక కాగితం ఇచ్చి గత రెండు వారాల్లో ఎన్ని రోజులు ఇట్లా అనిపించింది అని తొమ్మిది ప్రశ్నలు అడగవచ్చు. దాన్ని పీహెచ్‌క్యూ-9 అంటారు, సున్నా నుంచి 27 దాకా మార్కులు, ఎక్కువొస్తే దిగులు ఎక్కువున్నట్టు. నాకు 16 వచ్చింది. పరీక్షలో ఇంత మంచి మార్కులు ఎప్పుడూ రాలేదని జోక్ చేస్తే మేడం నవ్వలేదు, "ఎప్పుడూ ఇట్లాగే జోక్ చేస్తారా?" అని రాసుకున్నారు. ఆ మార్కుల్ని బట్టే సైకియాట్రిస్ట్‌కి కూడా ఒకసారి చూపించమని పంపారు, మందులు వాడాను. వాటి పని తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, కాస్త బాగుందనగానే మన ఇష్టానికి మానెయ్యకూడదు, ఎప్పుడు ఎట్లా తగ్గించాలో రాసిన డాక్టరే చెబుతారు.

మా అమ్మ నాతో వస్తానని బయలుదేరింది. తోడు రానివ్వండి, కానీ బయట కూర్చోబెట్టండి. అమ్మ లోపలికి వస్తే సెషన్ అమ్మదైపోతుంది.

వాళ్ళు ఎట్లా కలుపుతారో తెలుసుకుని ఉండండి

ఇదే అసలు విషయం, కొంచెం ఓపిగ్గా చదవండి. మూడో నాలుగో సెషన్‌కి థెరపిస్ట్ మీ కథంతా ఒక బొమ్మలా గీసి చూపించాలి: ఈ సమస్యకి నేల ఎక్కడ తయారైంది, విత్తనం ఎప్పుడు పడింది, ఇప్పటికీ దానికి నీళ్ళు పోస్తున్నదేంటి, మీలో గట్టిగా ఉన్నదేంటి. చూపించకపోతే అడగండి. నా బొమ్మలో విత్తనం వైట్ స్పాట్. నీళ్ళు పోస్తున్నది పగలు పడుకోవడం, రాత్రి మందు తాగడం, ఫోన్ ఎత్తకపోవడం. నేల మాత్రం నేను ఊహించనిది, మా నాన్న. ఆయనది కొండపి వైపు, పొగాకు బ్యారన్ (ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టం) ఉండేది, వేలంలో ధర పలకని ఏడాది నష్టపోయి ఆ తరవాత బతికినన్నాళ్ళూ ఎవరితోనూ ఆ మాట ఎత్తలేదు. అడిగితే "అంతా బాగానే ఉంది" అనేవాడు.

ఆ బొమ్మలో ఒక్కో ముక్కకి ఒక్కో పద్ధతి. నిద్రకి అలవాట్లు మార్చే పద్ధతి: మంచం నిద్రకే, మెలకువ వచ్చి ఒక 20 నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి వేరే గదిలో కూర్చోవడం, టైం చూసుకోకపోవడం, ఎంత ఆలస్యంగా నిద్రపోయినా పొద్దున ఒకే టైంకి లేవడం. చివరిదే నరకం. కానీ మూడు నాలుగు వారాల్లో నాకు పనిచేసింది కూడా ఇదే. "నేను అందర్నీ ముంచేశాను" అనే ఆలోచనకి ఆరన్ బెక్ అనే అమెరికన్ సైకియాట్రిస్ట్ 1960ల్లో తెచ్చిన సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ): ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా రాసుకోవడం, దానికి రుజువేంటి, కాదనడానికి రుజువేంటి అని రెండు గళ్ళు నింపడం. నాన్న సంగతికి ఫ్రిట్స్ పెర్ల్స్ పేరు మీద తెలిసిన గెస్టాల్ట్ పద్ధతిలో, ఆయన ఎదురుగా కూర్చున్నాడనుకుని ఖాళీ కుర్చీతో మాట్లాడటం. వీటన్నిటి అడుగునా, తీర్పు చెప్పకుండా వినడమనే కార్ల్ రోజర్స్ పద్ధతి.

ఇన్ని పద్ధతులు కలిపితే కలగాపులగం అయిపోదా అని నాకూ అనుమానం వచ్చింది. 1936లోనే సాల్ రోజెన్‌జ్వైగ్ అనే అమెరికన్ సైకాలజిస్ట్ ఒక సంగతి రాశాడట: ఒకదానికొకటి పొసగని పద్ధతులు కూడా జనానికి మేలు చేస్తున్నాయంటే, అన్నిట్లోనూ ఉమ్మడిగా ఉన్నదేదో పనిచేస్తూ ఉండాలి అని. ఆ ఉమ్మడి సరుకులో పెద్ద భాగం థెరపిస్ట్‌కీ మనకీ మధ్య కుదిరే పొత్తు. 1979లో ఎడ్వర్డ్ బోర్డిన్ దాన్ని మూడు ముక్కలు చేశాడు: ఎక్కడికి పోవాలో ఇద్దరికీ ఒప్పందం, అందుకు ఏం చెయ్యాలో ఒప్పందం, ఇద్దరి మధ్యా నమ్మకం. మూడింట్లో ఏది జారినా పద్ధతి ఎంత గొప్పదైనా ఉపయోగం లేదు. పొత్తు అంటే రెండు వైపులా ఉండేది కదా, మీ వైపు పని మీరు చెయ్యాలి.

మీ వైపు పని: పనిచెయ్యనిది చెప్పండి

నేను చెయ్యని పని ఇదే. ఆ రెండు గళ్ళ కాగితం నాకు అస్సలు ఎక్కలేదు. ఆలోచన వచ్చినప్పుడు పెన్ను ఎక్కడ వెతుక్కుంటాం? రాస్తే ఇంట్లో పిలకాయలు చూస్తారని భయం. అందుకని శనివారం పొద్దున కావలిలో నెల్లూరు బస్సెక్కి, సీటు దొరికితే, మోకాలి మీద పెట్టుకుని వారం రోజులవీ ఒకేసారి రాసేసేవాణ్ణి. టెన్త్‌లో సైన్స్ రికార్డులు రాసినట్టు. రెండు రంగుల పెన్నులు కూడా వాడాను, వేరే వేరే రోజుల్లో రాసినట్టు కనపడాలని! మేడం "బాగా చేస్తున్నారు" అనేవారు, నేను తలూపేవాణ్ణి, బయటికొచ్చాక మనసు మొద్దుగా ఉండేది. తరవాత రెండు శనివారాలు జ్వరమని చెప్పి ఎగ్గొట్టాను.

మూడో శనివారం వెళ్ళి చెప్పేశాను. చెమటలు పట్టాయి, నిజంగా. "మేడం, ఆ కాగితాలు బస్సులో రాసినవి. అది నాకు పనిచెయ్యడం లేదు." తిడతారనుకున్నాను. ఆవిడ కాసేపు ఆగి, "అంతా బాగానే ఉందని నాకు ఇన్ని వారాలుగా చెప్పారు కదా, ఈ మాట మీ ఇంట్లో ఇంకెవరు అనేవారు?" అన్నారు.

పది నెలల్లో నాకు ఎక్కువ మేలు చేసిన సెషన్ అది. కాగితాలు పక్కన పెట్టేశాం. ఆలోచన వచ్చినప్పుడు ఫోన్‌లో అర నిమిషం వాయిస్ రికార్డ్ చెయ్యమన్నారు, అది చేశాను. ఇంకో వారం ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఒకటి ఎదురుగా వేసి మీ నాన్న అక్కడ కూర్చున్నాడనుకుని మాట్లాడమన్నారు. మొదటి పది నిమిషాలు నవ్వొచ్చింది, సినిమాలో చెయ్యమన్నట్టు. తరవాత ఏమైందో ఇక్కడ రాయను.

కాబట్టి మొహమాటం వదలండి. ఎట్లా చెప్పాలో తెలియకపోతే ఈ మాటలే వాడుకోండి: "ఇది నాకు కుదరడం లేదు, ఇంకో దారి ఉందా?" "పోయినసారి మీరన్న మాట నాకు గుచ్చుకుంది." "ఇది ఎందుకు చేస్తున్నామో నాకు అర్థం కాలేదు." పెద్దవాళ్ళకి, చదువుకున్నవాళ్ళకి ఎదురు చెప్పకూడదని పెరిగాం మనం, డాక్టర్ ముందు తలూపడం మనకి మర్యాద. ఇక్కడ ఆ మర్యాదే మీ డబ్బులు తినేస్తుంది. మంచి థెరపిస్ట్ అయితే ఆ మాటలు విని సర్దుకుంటారు, చాలాసార్లు ఆ సర్దుకోవడంలోనే చికిత్స ఉంటుంది. కోపం తెచ్చుకుంటే, లేదా తప్పంతా మీదేనంటే, ఇంకొకరిని చూసుకోండి. మారడం నమ్మకద్రోహం కాదు, వెళ్ళేటప్పుడు ఒక మాట చెప్పి వెళ్ళండి చాలు.

నాలుగైదు సెషన్లకి ఒకసారి చెక్ ట్రే ఎత్తండి

మేత చల్లేసి ఊరుకోం కదా, కాసేపాగి చెక్ ట్రే పైకి లాగి చూస్తాం. మేత మిగిలిందా తిన్నదా, రొయ్య చురుగ్గా ఉందా, దాన్నిబట్టే తరవాతి మేత. ఇక్కడా అంతే. మీ కాగితం మీద రాసుకున్న మూడింటినీ ముందు పెట్టుకుని, ఆ తొమ్మిది ప్రశ్నలకి మళ్ళీ జవాబు రాసి, ఇద్దరూ కలిసి చూడండి. నా 16 మూడు నెలలకి 11 అయింది, తరవాత రెండు నెలలు కదల్లేదు, చివరికి 5కి వచ్చింది. మధ్యలో ఒక వారం 14కి ఎగబాకింది, అప్పిచ్చినాయన ఇంటికొచ్చిన వారం. అట్లాంటివి వస్తాయి, కంగారుపడొద్దు. కానీ ఏడెనిమిది సెషన్లు అయినా ఏదీ కదలకపోతే మాత్రం "మనం దారి మార్చాలా?" అని మీరే అడగండి.

ఇంట్లోవాళ్ళతో

మా ఆవిడ నెల రోజులు చూసి చూసి, "ఏందయ్యా, ప్రతి శనివారం నెల్లూరు పోతా ఉండావు, ఎవరున్నారు నీకక్కడ?" అంది. నవ్వుతూనే అందిగానీ నవ్వు కళ్ళదాకా రాలేదు. నిద్ర డాక్టర్ దగ్గరికి అని మాత్రం చెప్పి ఉన్నాను అప్పటిదాకా. మీరు అట్లా చెయ్యొద్దు. లోపల మాట్లాడినవన్నీ చెప్పక్కర్లేదు, ఎక్కడికి పోతున్నారు, ఎందుకు, వాళ్ళ వైపు నుంచి ఏం సాయం కావాలి, ఈ మూడు చెబితే చాలు. నేను అడిగిన సాయం ఒకటే, రాత్రి లేచి వరండాలో కూర్చుంటే "ఏమైంది" అని వెంట రావద్దని. బంధువులకి చెప్పాలా వద్దా అనేది మీ ఇష్టం, నేనైతే చెప్పలేదు.

ఆపేటప్పుడు

ఒక్కసారిగా ఆపకండి. వారానికోసారి వెళ్ళేది రెండు వారాలకి, తరవాత నెలకి జరపండి. చివరి సెషన్లలో థెరపిస్ట్‌తో కలిసి ఒక కాగితం తయారుచేసుకోండి: మళ్ళీ జారుతున్నానని దేన్నిబట్టి తెలుస్తుంది, అప్పుడు మొదట ఏం చెయ్యాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి. నా కాగితంలో మొదటి గుర్తు ఫోన్ సైలెంట్‌లో పెట్టడం, రెండోది "అంతా బాగానే ఉంది" అని ఒకే రోజు రెండుసార్లు అనడం. రెండోది కనిపెట్టే పని మా ఆవిడకి అప్పగించాం, చాలా శ్రద్ధగా చేస్తోంది.

ఆపేశాక కూడా మీకు కష్టమయ్యే కాలం ఏదో చూసుకుని ఒక సెషన్ ముందే రాయించుకోండి. వర్షాలు పడి నీళ్ళు చల్లబడినప్పుడే మాకు వైట్ స్పాట్ భయం ఎక్కువ, మా గుంటలు పోయింది కూడా ఆ రోజుల్లోనే. అందుకే నాది నవంబర్ మొదటి శనివారానికి రాయించుకున్నాను.